ఎడమ స్పీకరులో గంటలు

జూన్ 3, సోమవారం

ఈ డైరీ మా షోరూమ్ వాళ్ళు కస్టమర్లకు పంచగా మిగిలింది. ఐదు నెలలుగా నా టీ కప్పు దీని మీదే కూర్చుంటోంది. ఇవాళ కప్పును దించి పెన్ను పట్టాను. ఇంట్లో మాట్లాడే మనిషి లేకపోతే కాగితంతోనైనా మాట్లాడాలి కదా.

మనిషి ఉంది. మాటే లేదు. మా ఆవిడ నెల రోజులుగా మౌనవ్రతం పట్టింది. నేనేం తప్పు చేశానో తెలియదు. "ఏమైంది?" అంటే పెదాలు కదిపి ఏదో గొణుగుతుంది. "ఏంటీ?" అంటే "ఏం లేదు" అంటుంది. ఆ "ఏం లేదు" మాత్రం గంట కొట్టినట్టు వినబడుతుంది. అంత స్పష్టంగా చెప్పగలిగిన మనిషి మిగతాది గొణగడం దేనికో!

షోరూమ్‌కు కొత్త మ్యూజిక్ సిస్టమ్ వచ్చింది. మనిషెత్తు స్పీకర్లు రెండు. ఆంప్లిఫయర్‌ను లోపలికి చేర్చడానికి నలుగురు పట్టారు. దాన్ని డెమో గదిలో అమర్చి, స్పీకర్లను అంగుళం అంగుళం జరుపుతూ పొద్దంతా గడిపాను. కిటికీల్లేని గది, పాదం మునిగే కార్పెట్, గోడలకు మెత్తటి గుడ్డ, నడిమధ్య ఒకే ఒక్క కుర్చీ. కస్టమర్‌ను అందులో కూర్చోబెట్టి, లైటు తగ్గించి, పంతొమ్మిదేళ్ళుగా చెబుతున్న మాటే చెబుతాను. "కళ్ళు మూసుకోండి. ఇప్పుడు పాడే ఆవిడ ఊపిరి తీసుకుంటుంది... విన్నారా?"

విన్నామనే అంటారందరూ. అంత ఖరీదైన గదిలో కూర్చుని వినలేదనే ధైర్యం ఎవరికుంటుంది?

షోరూమ్‌లో నన్ను "చెవుల మేస్త్రి" అంటారు. చేరిన కొత్తలో ఒక స్పీకరు పెట్టెలో మర వదులైందని దూరం నుంచి విని చెప్పాను. ఆ ఒక్క మర మీద పంతొమ్మిదేళ్ళు బతికాను.

జూన్ 4, మంగళవారం

ఇవాళా మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ఎవరు ముందు దిగొస్తారో చూద్దాం.

జూన్ 6, గురువారం

ఇది రాయకూడదనుకున్నాను. కానీ ఎవరూ చదవని పుస్తకంలో కూడా పరువు కాపాడుకోవడం మరీ అతి.

ఇళ్ళ ప్లాన్లు గీసే ఇంజనీరు ఒకాయన తన తల్లిని వెంటబెట్టుకుని డెమోకు వచ్చాడు. కొత్త ఇంట్లో ఆవిడ గదికే సిస్టమ్ కావాలట. ఆవిడను కుర్చీలో కూర్చోబెట్టి నా పాత అస్త్రం లాంటి పాట ఒకటి తీశాను. అందులో మొదట ఎడమ పక్క చిన్న చిన్న గంటలు మోగుతాయి, తర్వాత కుడి పక్క గంటలు వాటికి జవాబు చెబుతాయి. ఆ ఎడమ గంటల గురించి నేను మాట్లాడటం మొదలుపెడితే రాళ్ళు కూడా చెక్కు రాసిస్తాయని మా ఓనరు అంటుంటాడు.

"విన్నారా అమ్మా? వెండి గజ్జెలు నేల మీద జారవిడిచినట్టు లేదూ!"

ఆవిడ కళ్ళు తెరిచింది. "ఎడమ పక్కా? నాకు కుడి పక్కే వినబడుతున్నాయి నాయనా."

"కాస్త ఎడమకు జరగండి."

జరిగింది.

"ఇంకొంచెం."

ఇంకొంచెం జరిగింది. చివరికి కుర్చీ చేతి మీద, రెక్క విరిగిన పక్షిలా వాలి కూర్చుంది. "ఇప్పుడు చూడండి, ఎంత హాయిగా ఉందో," అన్నాను. కళ్ళు మూసుకుని తల కూడా ఊపాను. నేను తల ఊపుతుండగానే ఇంజనీరు ఎడమ స్పీకరు వెనక్కి వెళ్ళాడు. సన్నటి స్వరాలన్నీ పలికే చిన్న గుండ్రటి ముక్క ఉంటుంది, ట్వీటరు అంటాం. దాని వైరు తోకలా వేలాడుతోంది. పొద్దున దుమ్ము తుడుస్తూ పీకింది నేనే. మళ్ళీ తగిలించడం మరిచిపోయింది కూడా నేనే.

లేని గంటలను అరగంట సేపు పొగిడానన్నమాట.

గుమ్మంలో ఓనరు నిలబడి ఉన్నాడు. "కస్టమర్ల చెవులు ఎలా ఉన్నాయో పరీక్షిస్తున్నాను సార్," అన్నాను. ఓనరు నవ్వాడు. పళ్ళు మాత్రమే నవ్వాయి. తల్లీకొడుకులు వెళ్ళిపోయారు. బిల్లింగ్ కౌంటర్లో కూర్చునే రసీదక్క మాత్రం నన్నే చూస్తూ ఉండిపోయింది. నాకంటే పదేళ్ళు చిన్నదే, అయినా షోరూమ్ అంతటికీ అక్కే.

బస్సులో బాగా ఆలోచించాను. ఇందులో నా లోపమేమీ లేదు. వేలసార్లు విన్న పాటకు చెవితో పనేముంది? మనసే వాయించేసుకుంటుంది. నైపుణ్యం ముదిరితే ఇలాగే ఉంటుంది. అవును, అంతే.

జూన్ 9, ఆదివారం

గెలిచాను!

పొద్దున మా ఆవిడ వీపు నావైపు పెట్టి, కుళాయి కింద గిన్నెలు కడుగుతూ చాలాసేపు మాట్లాడింది. నెల రోజుల తర్వాత అన్ని మాటలు! నీళ్ళ చప్పుడులో విషయం నేనంతగా పట్టించుకోలేదు కానీ ధోరణి బాగుంది. రెండుసార్లు ఆగి నావైపు తిరిగి చూసింది. రెండుసార్లూ పెద్దమనసు చేసుకుని "ఊఁ, సరే, అలాగే" అన్నాను. ఎందుకో ఆవిడ ముఖం తేలికపడింది. సంధి కుదిరింది.

జూన్ 10, సోమవారం

వెళ్ళిపోయింది.

సాయంత్రం వచ్చేసరికి తలుపుకు తాళం. నా తాళంచెవితో తీసి చూస్తే ఆవిడ పెట్టె లేదు, చెప్పులు లేవు, బాత్‌రూమ్‌లో బ్రష్షు లేదు. చీటీ ముక్క కూడా లేదు. ఫ్రిజ్‌లో మాత్రం డబ్బాలు వరసగా పేర్చి ఉన్నాయి. ఒక్కోదాని మీద కాగితం: సోమవారం, మంగళవారం, బుధవారం, గురువారం.

ఇంత పద్ధతిగా వదిలేసి వెళ్ళే మనిషిని ఎక్కడా చూడలేదు. అంటే ముందే నిర్ణయించుకుందన్నమాట. నిన్నటి ఆ తేలికపడిన ముఖం ఇందుకన్నమాట!

ఫోన్ చెయ్యను. చెప్పకుండా వెళ్ళిన మనిషికి ఫోనేమిటి?

జూన్ 11, మంగళవారం

"మంగళవారం" తిన్నాను. బాగుంది. కోపం ఇంకా పెరిగింది.

జూన్ 12, బుధవారం

ఇవాళ ఒక ముసలాయన వచ్చాడు. నలభై ఏళ్ళు ప్రింటింగ్ ప్రెస్సు నడిపాడట. వేళ్ళ సందుల్లో సిరా మరకలు ఇంకా పుట్టుమచ్చల్లా ఉన్నాయి. వెంట ఆయన భార్య. పెద్దాస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైంది.

"ఇప్పటి యంత్రాల్లో క్లారిటీ చచ్చింది!" అని గది దద్దరిల్లేలా అన్నాడు పెద్దాయన. "మూడు రేడియోలు మార్చాను. టీవీ రెండుసార్లు వెనక్కిచ్చాను. అందరూ నోట్లో దూది పెట్టుకుని మాట్లాడినట్టుంటుంది. మీ దగ్గర అన్నీ ఉన్నదున్నట్టు వినిపిస్తాయటగా?"

పెద్దావిడ నావైపు చూసి మెల్లగా ఏదో అంది. నేను మర్యాదగా నవ్వి, "అవునవును," అన్నాను. ఆవిడ విచిత్రంగా చూసింది.

డెమో ఇచ్చాను. పెద్దాయనకు నచ్చలేదు. "ఇదీ అంతే! దూది!" అన్నాడు. శుక్రవారం మళ్ళీ రమ్మన్నాను.

పాపం, ఆయనకు చెవుడు. ఒప్పుకోడు. యంత్రాల మీద, జనం మీద తోసేస్తాడు. ఎదురుగా కనబడుతున్న నిజాన్ని చూడలేని మనుషులు ఎంతమంది ఉంటారో ఈ లోకంలో! ఇంటికొచ్చే దారంతా ఆయన మీద జాలిపడ్డాను.

సాయంత్రం మా ఆవిడే ఫోన్ చేసింది. ఈ ఫోన్ల నాణ్యత కూడా రోజురోజుకూ దిగజారుతోంది. "చెల్లి... బాగానే... రేపు..." ఇలా ముక్కలు ముక్కలుగా వచ్చింది. చెల్లెలింటికి చేరిందని అర్థమైంది. చివర్లో ఏదో అడిగింది. గొంతులో ప్రశ్న ఉందని తెలిసింది, ప్రశ్నేమిటో తెలియలేదు. తిరిగి వచ్చెయ్యనా అని అడిగి ఉంటుంది. నేనూ మనిషినే, నాకూ అభిమానం ఉంటుంది. నిబ్బరంగా జవాబిచ్చాను: "నీ ఇష్టం. నీకెలా తోస్తే అలా చెయ్యి. నాకేం పర్లేదు."

తర్వాత ఫోన్ పెట్టేసింది.

బాగా చెప్పాననుకున్నాను. తర్వాత "బుధవారం" సహించలేదు.

జూన్ 14, శుక్రవారం

పెద్దాయన, పెద్దావిడ వచ్చారు. ఈసారి నేను పట్టుదలగా ఉన్నాను. ఆయన కుర్చీలో, నేను పక్కన స్టూలు మీద. పెద్దావిడ, ఓనరు, రసీదక్క గోడ వారగా నిలబడ్డారు. వయొలిన్ పెట్టి, సన్న స్వరాలను పెంచే మీట కొద్దిగా తిప్పాను.

"దూది," అన్నాడు పెద్దాయన.

ఇంకొంచెం తిప్పాను.

"ఆఁ... దూది కాస్త పలచబడింది."

ఇంకా తిప్పాను. నిజం చెప్పాలంటే నాకూ బాగుంది. తిప్పినకొద్దీ తెర ఒక్కొక్కటే తొలగుతున్నట్టుంది. చివరంటా తిప్పేశాను. వయొలిన్ తీగ మీద కమాను రాసుకోవడం, ఆ గరుకు, ఆ వణుకు... ఎన్నేళ్ళయింది అలా విని! పెద్దాయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇదీ! ఇదీ క్లారిటీ అంటే!" అని నా తొడ మీద చరిచాడు. నేను ఆయన భుజం మీద చెయ్యి వేశాను. ఇద్దరం చిన్నప్పటి నేస్తాల్లా ఊగిపోతున్నాం.

పాట అయ్యాక వెనక్కి తిరిగితే గదిలో ఓనరు లేడు. రసీదక్క రెండు చెవుల్లో వేళ్ళు పెట్టుకుని గోడకు అతుక్కుపోయి ఉంది. పెద్దావిడ ఒక్కతే నిలబడి ఉంది, పంటి నొప్పి ఓర్చుకుంటున్న ముఖంతో.

ఆవిడ నా ఎదురుగా వచ్చి, నా కళ్ళలోకి చూస్తూ, ఒక్కో మాటా విడమరిచి అడిగింది. "మీకు ఈ మోత బాధగా లేదా బాబూ?"

"మోతేముందమ్మా? ఎంత హాయిగా ఉంటేనూ!"

ఆవిడ ఆయనను చూసింది. మళ్ళీ నన్ను చూసింది. నాడి చూసి విషయం తెలుసుకున్న మనిషిలా తల పంకించింది.

"మీకూనా?" అంది.

అంతే అంది.

ఆవిడెవరు నన్ను అనడానికి? నర్సా, డాక్టరా? అదీ రిటైరైన నర్సు.

జూన్ 15, శనివారం

మధ్యాహ్నం రాస్తున్నాను. అదీ నిలబడి, అక్షరాలు క్షమించాలి. ఎవరు క్షమించాలో తెలియదు.

పొద్దున్నే షోరూమ్ తెరవకముందు వెళ్ళాను. స్పీకర్లను పరీక్షించే డిస్కు ఒకటి ఉంది. అందులో పాటేమీ ఉండదు. ఒక కూత బొంగురుగా మొదలై మెట్టు మెట్టుగా సన్నబడుతూ పైకి పోతుంది. రసీదక్క అప్పుడే వచ్చింది.

"అక్కా, ఒకసారి డెమో గదిలోకి వస్తావా? కూత వినబడినంత సేపూ చెయ్యెత్తు. నేనూ ఎత్తుతాను."

ఎందుకని అడగలేదు. వచ్చి పక్కన నిలబడింది. డిస్కు మొదలైంది. ఇద్దరం చేతులెత్తాం, బడిపిల్లల్లా. ఒక మెట్టు, రెండు మెట్లు, మూడు, నాలుగు. నాలుగో మెట్టు తర్వాత డిస్కు ఆగిపోయింది. చెయ్యి దించాను. పక్కకు చూశాను. రసీదక్క చెయ్యి ఎత్తే ఉంది.

ఆగిపోలేదు. మిషన్ మీద అంకెలు కదులుతూనే ఉన్నాయి. అవి కదులుతున్నంత సేపూ ఆవిడ చెయ్యి ఎత్తే ఉంచింది, నన్ను చూడకుండా, ఎదుటి గోడనే చూస్తూ. నా చెయ్యి కిందకు దిగి ఉంది. నవ్వి ఉంటే బాగుండేది. నవ్వలేదు.

చాలాసేపటి తర్వాత చెయ్యి దించి, "అన్నయ్యా, వదినగారికి తెలుసా?" అంది.

అప్పుడు గుర్తొచ్చింది కుళాయి. గిన్నెలు. మా ఆవిడ వీపు. రెండుసార్లు ఆగి చూడటం. నా "ఊఁ, సరే, అలాగే."

"అక్కా, నాకో సాయం చెయ్యి. మా ఆవిడకు ఫోన్ చేసి మాట్లాడు. నేను చెప్పింది ఆవిడకు చెప్పు. ఆవిడ చెప్పింది నాకు... గట్టిగా చెప్పు."

రసీదక్క ఫోన్ చేసింది. తానెవరో చెప్పింది. నా సంగతి మెల్లగా ఏదో చెప్పింది. కాసేపు విన్నది. విన్నకొద్దీ ఆవిడ ముఖం మారింది. ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి నావైపు తిరిగింది.

"వదిన అడుగుతోంది. బుధవారం ఆపరేషన్‌కు ఎందుకు రాలేదని."

"ఏ ఆపరేషన్?"

"మీ మరదలికి. పిత్తాశయం తీసేశారట. వస్తానని ఆదివారమే మాటిచ్చారట కదా, రెండుసార్లు."

కుర్చీలో కూలబడ్డాను. కస్టమర్ల కుర్చీలో.

"ఆపరేషన్ అయిన సాయంత్రం ఫోన్ చేసి, చెల్లి మిమ్మల్ని అడుగుతోంది, రేపైనా చూడ్డానికొస్తారా అని అడిగిందట. మీరు... " రసీదక్క ఆగింది. "మీరు, నీ ఇష్టం, నాకేం పర్లేదు అన్నారట."

అన్నాను. నిబ్బరంగా అన్నాను.

"నాకు వినబడలేదని చెప్పు. అప్పుడే కాదు, చాన్నాళ్ళుగా వినబడటం లేదని చెప్పు. ఒప్పుకోలేదని చెప్పు. క్షమించమని చెప్పు. ఇంకా..."

"అన్నయ్యా," అంది రసీదక్క, "మీరు అరుస్తున్నారు. ఆవిడకు అన్నీ వినబడుతున్నాయి. నేను చెప్పక్కర్లేదు."

తర్వాత చాలాసేపు విని, నావైపు తిరిగి, కొంచెం ఇబ్బందిగా అంది. "రమ్మంటోంది. ఇంకో మాట కూడా అంది. దద్దమ్మా అంది. యథాతథంగా చెప్పమంది."

బస్సు కోసం నిలబడి రాస్తున్నాను. వచ్చేసింది.

జూన్ 16, ఆదివారం

మరదలు వాళ్ళింట్లో మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చుంది. నన్ను చూడగానే, "రండి బావగారూ, కుట్లు తీశాక వస్తారేమో అనుకున్నాను," అంది గట్టిగా. నాకోసం గట్టిగా మాట్లాడితే కుట్లు లాగి మూలిగింది. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. నవ్వించకండి, మాట్లాడించకండి అని డాక్టరు చెప్పాడట. ఇలాంటి బావ వస్తాడని ఆయనకేం తెలుసు?

మా ఆవిడ నన్ను వరండాలోకి తీసుకెళ్ళింది. ఎదురెదురుగా కుర్చీలు వేసింది. వెలుతురు తన ముఖం మీద పడేలా కూర్చుంది. ఆ అమరిక చూస్తే తెలిసింది, ఇది ఆవిడకు కొత్త కాదు. నాకు వినిపించడం కోసం ఎన్నేళ్ళ నుంచో ఇలాంటి అవస్థలు పడుతూనే ఉంది. నేనే కుర్చీలోంచి లేచిపోతుండేవాణ్ణి.

"మాట్లాడటం ఎందుకు మానేశావు?" అన్నాను.

"మానేశానా? ఒక్కో మాట మూడేసి సార్లు చెప్పేదాన్ని. మూడోసారికి మీరు 'ఎందుకలా అరుస్తావు' అనేవారు. ఇక నాకు ఓపిక అయిపోయింది."

"డాక్టరు దగ్గరకు వెళ్దామని ఒక్కసారైనా చెప్పొచ్చుగా?"

ఆవిడ నన్ను చూసింది. నేను తల దించుకున్నాను. చెప్పే ఉంటుంది.

"సరే," అన్నాను, "నేను సరే సరే అని తలూపినవన్నీ ఇప్పుడు చెప్పు. ఏమేం ఒప్పుకున్నానో నాకు తెలియాలి."

ఆలోచించింది. "పాత సోఫా ఎవరికైనా ఇచ్చేద్దామా అన్నాను. సరే అన్నారు."

"అది రిపేరుకు వెళ్ళలేదూ?"

"ఏడాదిగానా?"

"ఇంకా?"

"వెనక గదికి ఆకుపచ్చ రంగు."

"అది మనమే వేయించామా! ఇంకా?"

ఈసారి వెంటనే చెప్పలేదు. చీర కొంగు వేలికి చుట్టుకుంది. "శనివారాలు ఈతకు వెళ్తానన్నాను."

"దేనికి?"

"ఈతకు. ఈత నేర్చుకుంటానన్నాను. నీళ్ళంటే చిన్నప్పటి నుంచీ భయం, ఇప్పుడైనా నేర్చుకుంటానన్నాను. మీరు నవ్వుతారేమో, వద్దంటారేమో అని వారం రోజులు జంకి జంకి అడిగాను. పేపర్లోంచి తలెత్తకుండా 'అలాగే' అన్నారు. నాకెంత సంతోషమేసిందో! మొదటిసారి ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఈదిన రోజు ఇంటికొచ్చి మీకే చెప్పాను మొదట."

"నేనేమన్నాను?"

"టీ పెట్టమన్నారు."

"ఎన్నాళ్ళైంది ఇది?"

"రెండేళ్ళు."

రెండేళ్ళుగా నా భార్య నీళ్ళలో చేపలా తిరుగుతోంది. నేను ఎవరో గాయని ఊపిరి తీసుకోవడం గురించి లోకానికి ఉపన్యాసాలిస్తున్నాను.

జూన్ 18, మంగళవారం

ఓనరుకు చెప్పాను. తలుపు వేసి, నిలబడి, అంతా చెప్పాను.

పేపర్‌వెయిట్ పక్కకు జరిపాడు. "ఎన్నాళ్ళుగా?"

"తెలీదు సార్. అదే సిగ్గుచేటు. ఎప్పుడు పోయిందో కూడా తెలీలేదు."

"నీ మాట మీద జనం కొన్నారయ్యా."

"అవును సార్."

తిట్టలేదు. తిట్టుంటే తేలిగ్గా ఉండేది. "రేపట్నించి డెమో రసీదక్క ఇస్తుంది," అన్నాడు. "నువ్వు వైరింగ్ చూడు. గదులు కొలవడం, ఇళ్ళకెళ్ళి బిగించడం. చేతులు బాగానే ఉన్నాయిగా?"

ఉన్నాయని చూపించాను. తర్వాత స్టోరు గదిలోకి వెళ్ళి పెట్టెలన్నీ తుడిచాను. ఆ గదిలో దుమ్ము ఎక్కువ. కళ్ళలో పడింది.

ఇంజనీరు వాళ్ళ అమ్మగారికి ఉత్తరం రాశాను. "అమ్మా, ఆ రోజు మీ చెవులు సరిగ్గానే విన్నాయి. ఎడమ పక్క గంటలు మోగలేదు. తప్పు స్పీకరుది కూడా కాదు, నాది. మిమ్మల్ని కుర్చీ చేతి మీద కూర్చోబెట్టినందుకు మన్నించండి."

జూన్ 22, శనివారం

ఇంజనీరు వాళ్ళ అమ్మగారు వచ్చింది, కొడుకుతో. రసీదక్క డెమో ఇచ్చింది. నేను గుమ్మం దగ్గర వైర్లు చుడుతున్నట్టు నటిస్తూ చూశాను. రసీదక్క ఏమీ మాట్లాడలేదు. "వినండమ్మా" అని పాట పెట్టి, పక్కకెళ్ళి నోరు మూసుకుని నిలబడింది. అంతే! వెండి లేదు, గజ్జెల్లేవు. అమ్మగారు కళ్ళు మూసుకుంది. ఉన్నట్టుండి ఎడమకు తల తిప్పి నవ్వింది.

ఆర్డరు రాయించి వెళ్ళారు.

పంతొమ్మిదేళ్ళుగా ఆ నవ్వులకు నా మాటలతో అడ్డుపడుతూనే ఉన్నానని అప్పుడు తెలిసింది. రసీదక్కను మెచ్చుకున్నాను. కడుపులో మంట మాత్రం సాయంత్రం దాకా తగ్గలేదు. ఇది కూడా రాసుకోవాలి కదా.

జూలై 2, మంగళవారం

ప్రెస్సు పెద్దాయన భార్య షోరూమ్‌కే వచ్చి పట్టుకుంది. "ఆయన ఒక్కడే రానంటున్నాడు. మీరొస్తే వస్తాట్ట." అలా ఇద్దరం చెవుల క్లినిక్‌కు వెళ్ళాం. వెనక పెద్దావిడ, మా ఆవిడ, పారిపోకుండా.

"ముందు మీరు వెళ్ళండి," అన్నాడు పెద్దాయన.

"పెద్దవారు, మీరే ముందు."

"మీది చిన్న కేసు, త్వరగా అయిపోతుంది."

ఇలా మర్యాదలు చేసుకుంటుంటే వెనక నుంచి పెద్దావిడ వీపుల మీద తట్టింది. "మూడుసార్లు పిలిచారు! ఇద్దర్నీ!"

పరీక్ష గది చూసి ఆగిపోయాను. కిటికీల్లేవు. పాదం మునిగే కార్పెట్. గోడలకు మెత్తటి గుడ్డ. నడిమధ్య ఒకే ఒక్క కుర్చీ. ఈసారి కూర్చున్నది నేను. పరీక్ష చేసే అమ్మాయి "వినబడితే బటన్ నొక్కండి, లేకపోతే ఊరుకోండి" అంది. లేకపోతే ఊరుకోవచ్చట! ఎంత గొప్ప వెసులుబాటు! చాలాసార్లు ఊరుకున్నాను.

కాగితం మీద నా వినికిడి గీత చూపించింది. అది కొంతదూరం చక్కగా నడిచి, మెట్లు దిగి, చివర్లో గోతిలో పడింది.

జూలై 9, మంగళవారం

మిషన్లు వచ్చాయి. చెవి వెనక చిక్కుడు గింజంత.

క్లినిక్‌లో ఆ అమ్మాయి ఆన్ చేయగానే ఎక్కడో ఎవరో కాగితాలు కుప్పలుగా చింపుతున్నారనుకున్నాను. నా చొక్కా చప్పుడట.

"ఎలా ఉంది?" అంది.

"బాగానే..." అనబోయి బెదిరి ఆగిపోయాను. గదిలో ఎవరో ఊరేగింపులో మైకు పట్టుకున్నట్టు అరిచారు. అది నేనే.

"నేనింత గట్టిగా మాట్లాడతానని ఎవరూ చెప్పలేదే!"

"చెప్పాం," అంది మా ఆవిడ. పక్కన పెద్దావిడ నవ్వాపుకోలేక గోడ పట్టుకుంది.

పెద్దాయనకూ బిగించారు. భార్య వైపు చాలాసేపు చూసి, "నీకు జలుబు చేసిందా? గొంతు మారింది," అన్నాడు.

"ముసలిదాన్నయ్యాను," అంది ఆవిడ.

"ఎప్పుడు?" అన్నాడు. నిజంగానే అడిగాడు.

జూలై 13, శనివారం

సెలవు పెట్టి ఈతకొలనుకు వెళ్ళాను. మా ఆవిడ రమ్మనలేదు. వస్తానంటే వద్దనలేదు.

పైకప్పు ఉన్న పెద్ద కొలను. అందరి కేకలూ, నీళ్ళు చరిచే చప్పుళ్ళూ, ఈల మోతా పైకప్పుకు కొట్టుకుని నా కొత్త మిషన్లలో పడి ఒకదాన్నొకటి తొక్కుకున్నాయి. దూది పోయి ఇనప సామాన్ల కొట్టు వచ్చింది. మిషన్లు పెట్టుకుంటే అన్నీ సర్దుకుంటాయని నాకెవరు చెప్పారో! ఎవరూ చెప్పలేదు. క్లినిక్ అమ్మాయి నెలలు పడుతుందనే చెప్పింది. ఈసారి విన్నాను కూడా.

తీసి జేబులో వేసుకుందామని చెయ్యి పైకెత్తాను. అప్పుడే ఆవిడ దిగింది.

నల్లటి టోపీలో మొదట గుర్తుపట్టలేదు. అంచు పట్టుకుని ఒక్క క్షణం ఆగి, గోడను కాలితో తన్ని సాగిపోయింది. అబ్బో అనేంత వేగం ఏమీ లేదు. పక్క వరసలో చిన్నపిల్ల ఆవిడను దాటేసింది. కానీ ఎక్కడా ఆగలేదు, తడబడలేదు. ప్రతి నాలుగో బారకు ముఖం పక్కకు తిప్పి ఊపిరి తీసుకుంటోంది. ఆ చివర తాకి ఈ చివరకు వచ్చింది. మళ్ళీ వెళ్ళింది. నేను లెక్కపెట్టడం మానేశాను. చెయ్యి ఎప్పుడు కిందకు దించానో గుర్తులేదు.

చివరికి అవతలి అంచు పట్టుకుని తేలుతూ నావైపు తిరిగింది. నన్ను చూసి నోరు తెరిచి ఏదో అంది. మాట వచ్చింది కానీ దారిలో అందరి మాటల్లో కలిసిపోయింది. ఆవిడ ఎదురుచూస్తోంది.

బూట్లు విప్పాను. ప్యాంటు పైకి మడిచాను. కొలను చుట్టూ, తడి నేల మీద, రెండుసార్లు జారబోయి, ఈల వేసే కోచ్ చేత "మెల్లగా అంకుల్" అనిపించుకుని, అంత దూరమూ నడిచి వెళ్ళాను. అంచు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని ముఖం ఆవిడ ముఖానికి దగ్గరగా పెట్టాను.

"ఏమన్నావు?"

కనురెప్పల మీద నీళ్ళు తుడుచుకుని నవ్వింది.

"పెద్ద విషయమేం కాదు," అంది. "టవలు అందుకోమన్నాను."

టవలు అవతల, ఇందాక నేను కూర్చున్న బెంచీ పక్కనే ఉంది. మళ్ళీ అంత దూరమూ నడిచి వెళ్ళి తెచ్చాను.